క్లోమానికి టానిక్ లేదండీ: అపోహలు, వాస్తవాలు

సూర్యారావుపేటలో నా ఓపీకి వచ్చేవారిలో ఎవరో ఒకరు సంచిలోంచి విటమిన్ల సీసా తీసి బల్లమీద పెడతారు. "డాక్టరుగారూ, ఇది క్లోమానికి మంచిదట కదా?" క్లోమమంటే జీర్ణాశయం వెనక ఉండి అరుగుదల రసాలు ఇచ్చే గ్రంథి, ప్యాంక్రియాస్.

అపోహ: విటమిన్లు వాడితే దెబ్బతిన్న క్లోమం మళ్లీ మామూలవుతుంది.

వాస్తవం: కాదు. దీర్ఘకాలిక ప్యాంక్రియాటైటిస్‌లో, అంటే ఏళ్ల తరబడి ఉండే క్లోమం వాపులో, గట్టిపడి రాళ్లు కట్టిన క్లోమాన్ని వెనక్కి తెచ్చే విటమిన్ ఇంతవరకూ లేదు. ఈ ప్రచారానికి మూలం లేకపోలేదు. 2009లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 127 మందిపై సెలీనియం, మిథియోనిన్, సి, ఇ విటమిన్లు, బీటా కెరోటిన్ కలిపి పరీక్షిస్తే నొప్పి తగ్గింది. 2012లో మాంచెస్టర్‌లో 70 మందికి ఆ తరహా మందులే ఆరు నెలలు ఇస్తే తేడా కనిపించలేదు. రెండుచోట్లా ప్రధానంగా కొలిచింది నొప్పిని. సీసా మీది రాతలు మాత్రం క్లోమాన్నే బాగుచేస్తామంటాయి!

ఆ రాతలు నమ్మి, క్లోమం ఇవ్వలేని అరుగుదల రసాలకు బదులుగా వాడే ఎంజైమ్ క్యాప్సూళ్లు మానేయడమే అసలు నష్టం. తెనాలి వైపు రైతు ఒకాయన నాలుగు నెలలు అలాగే చేసి తొమ్మిది కిలోలు తగ్గాడు. మలం జిడ్డుగా తేలుతోందని, ఎన్ని నీళ్లు పోసినా పోవడం లేదని ఆయన భార్య గొంతు తగ్గించి చెప్పింది. ఎ, డి, ఇ, కె కొవ్వులో కరిగే విటమిన్లు. తిన్న కొవ్వే అరగకపోతే అవి ఒంటికి ఎలా పడతాయి? క్యాప్సూల్ మొదటి ముద్దతో వేసుకోవాలి, పెద్ద భోజనమైతే మధ్యలో ఇంకొకటి. పడుకునే ముందు మింగితే దండగ. చివరికి ఆయన తలవంచుకుని, "నెల ఖర్చు భరించలేకపోయానండీ" అన్నాడు. కోప్పడబోయి ఆగిపోయాను. ముందే చెప్పి ఉంటే చవకైనది రాసేవాడిని.

అపోహ: డి విటమిన్ ఎంత ఎక్కువైతే అంత మంచిది.

వాస్తవం: ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షన్ వారం వారం చేయించుకున్న ఒకావిడకు రక్తంలో కాల్షియం ఉండాల్సినదానికంటే బాగా పెరిగి 14 దాటింది. ఆ కాల్షియమే ప్యాంక్రియాటైటిస్ తెచ్చిపెట్టింది. లోపం ఉందని పరీక్షలో తేలితే, రాసిన మోతాదులో వాడండి, తప్పకుండా వాడండి.

అపోహ: కారం తింటే క్లోమం పాడవుతుంది.

వాస్తవం: అలాగైతే గుంటూరు మొత్తం మంచమెక్కాలి. పిత్తాశయంలో రాళ్లు, మద్యం, రక్తంలో వెయ్యి దాటిన ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు: వీటిని చూడండి. ప్రతి కడుపునొప్పికీ బెదిరిపోకండి. నొప్పి పైకడుపులో మొదలై వీపులోకి పొడుస్తూ, వాంతులు కూడా అవుతూ, ఎంతకీ తగ్గకుండా ఉంటే మాత్రం తెల్లవారేదాకా ఆగకండి.