మోకాలు మార్పిడికి ముందు పళ్లు చూపించుకోండి

నొప్పి పెట్టే పన్ను కంటే, నొప్పి పెట్టి పెట్టి ఊరుకున్న పన్నంటేనే నాకు ఎక్కువ భయం. పొదిలిలో ఉండే మా పెద్దమ్మకు మోకాలు మార్చాలన్నప్పుడు, రక్తపరీక్షలతో పాటు పళ్లు కూడా చూపించుకుని రమ్మన్నారు ఒంగోలు డాక్టరు. "నాకు పంటినొప్పే లేదు గదరా, డబ్బులు దండగ" అంది పెద్దమ్మ.

పళ్ల డాక్టరు అద్దం కాడతో ఒక్కో దవడ పన్ను మీదా తట్టారు. కింది వరసలో ఒకచోట ఉలిక్కిపడింది. అక్కడ చిగురు మీద కందిగింజంత పొక్కు, నొక్కితే చీము. రెండేళ్ల కిందట బాధపెట్టి తగ్గిన పన్నే అది. లోపలి నరం చచ్చిపోతే నొప్పి పోతుంది గానీ, వేరు కొసన చీము పోదు.

చిగుళ్లు పాడైతే, అన్నం నమిలినా, పళ్లు తోముకున్నా కొన్ని బాక్టీరియాలు రక్తంలోకి చేరతాయి. మామూలుగా ఒంట్లోని రక్షణ కణాలు వాటిని కాసేపట్లోనే తుడిచేస్తాయి. కొత్త మోకాలు మాత్రం కోబాల్ట్-క్రోమియం లోహం, గట్టి ప్లాస్టిక్. వాటికి రక్తనాళాలుండవు. బాక్టీరియా అక్కడ అంటుకుంటే నీళ్ల తొట్టికి పాచి పట్టినట్టు జిగురు పొర కట్టుకుని దాక్కుంటాయి. ఆ పొరలో ఉన్నవాటిని మందులతో చంపడం చాలా కష్టం. పెట్టిన కీలు తీసేసి, ఇన్ఫెక్షన్ తగ్గేదాకా ఆగి, మళ్లీ కొత్తది పెట్టాల్సి రావచ్చు.

ఇలా నూటికి ఒకరిద్దరికే అవుతుంది. అందులోనూ ఎక్కువ చర్మం మీది బాక్టీరియా వల్లే. అందుకే అందరికీ పళ్ల పరీక్ష తప్పనిసరా అనే వాదన డాక్టర్లలో ఉంది. కానీ నోట్లో చీము పెట్టుకుని ఆపరేషన్ బల్ల ఎక్కడం నా మనసుకు ఒప్పదు. షుగర్ ఉంటే మరీనూ.

మా వైపు ఇంకో చిక్కుంది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా పొదిలి, కనిగిరి నెల్లూరు జిల్లాలోవే. ఆ నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకి గార పట్టే, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి 1937లోనే వైద్య పత్రికలో రాశారు. గారపళ్లు చూసీ చూసీ, మన నీళ్లకి పళ్లు ఇలాగే ఉంటాయిలే అని వదిలేస్తాం. గార మచ్చ ఇన్ఫెక్షన్ కాదు. చిగుళ్ల నుంచి రక్తం, కదిలే పన్ను, పొక్కు, వీటిని చూసుకోవాలి.

పెద్దమ్మ పన్ను తీసేశారు. పుండు మానాకే ఆపరేషన్ అని సర్జన్ డేట్ మూడు వారాలు వాయిదా వేశారు. ఆపరేషన్ అయ్యాక, అత్యవసరం కాని పంటి పని ఏదైనా మూడు నెలలు ఆగి చేయించుకోమన్నారు. ఆ పంటి పనికి ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ కావాలా అని అడిగాను. అందరికీ అక్కర్లేదు, ఆ రోజు వచ్చినప్పుడు మోకాలు మార్చారని మాత్రం ముందే చెప్పండి అన్నారు పళ్ల డాక్టరు.