దామగుండం వివాదానికి పునాది విశాఖలో పడింది

వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో నౌకాదళ కేంద్రంపై వాదన రేగిన ప్రతిసారీ పార్టీలు తేదీల లెక్కకే దిగుతాయి. అనుమతి 2017లోనే గత ప్రభుత్వం ఇచ్చిందని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అంటే, అధికారంలో ఉన్న పదేళ్లూ తాము భూమి అప్పగించలేదని భారత రాష్ట్ర సమితి అంటుంది. కానీ అసలు మలుపు ఈ తేదీలకు ముందే ఉంది.

2009 జూలై 26న విశాఖపట్నంలో అణు జలాంతర్గామి అరిహంత్ జలప్రవేశం చేసింది. వారాల తరబడి నీటి అడుగునే దాగి ఉండటం దాని బలం. ఆదేశం అందుకోవడానికి పైకి తేలాల్సి వస్తే ఆ బలం పోతుంది. మామూలు రేడియో తరంగాలు సముద్రపు నీటిలోకి చొరబడవు. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్‌ల అతి తక్కువ పౌనఃపున్యం ఉన్న తరంగాలు మాత్రం కొన్ని మీటర్ల లోతు దాకా దిగుతాయి. వాటిని పంపడానికి ఆకాశాన్నంటే స్తంభాలు, వేల ఎకరాల నేల కావాలి. దామగుండం కేంద్రాన్ని అందరూ రాడార్ అంటున్నా అది శత్రువును కనిపెట్టే యంత్రం కాదు, సందేశాలు పంపే ప్రసార కేంద్రం. అలాంటిది దేశంలో 1990 నుంచి తమిళనాడు తిరునెల్వేలిలోని నౌకాదళ కేంద్రం ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ ఒక్కటే. అరిహంత్ నీట దిగిన మరుసటి ఏడాదే, 2010లో, రెండో కేంద్రం కోసం నౌకాదళం చూపు దామగుండంపై పడింది.

రక్షణ అవసరం నిజమైనదే. అయితే దాని కోసం అప్పగించిన దాదాపు 2,900 ఎకరాలు ఖాళీ నేల కాదు. హైదరాబాద్‌లోకి పారే మూసీ పుట్టేది ఈ ప్రాంతంలోని అనంతగిరి కొండల్లోనే. చెట్లు పోతే వాన నీరు నేలలో ఇంకదని, నదికి మొదట్లోనే దెబ్బ తగులుతుందని అడవి పరిరక్షకులు ఏళ్లుగా చెబుతున్నారు. హైకోర్టు గడప కూడా ఎక్కారు. పూడూరు మండలంలోని ఊళ్లకు ఈ అడవే పశువుల మేత. పోయిన అడవికి బదులుగా ఇచ్చే పరిహార నిధులతో మరోచోట మొక్కలు నాటవచ్చు గానీ, ఈ వాగులను మరోచోట పుట్టించలేరు.

2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ ఇక్కడ శంకుస్థాపన చేశారు. అడవిలోని రామలింగేశ్వరస్వామి గుడికి భక్తులను రానిస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది.