ఆక్సిజన్ బాగానే ఉంది, మరి ఆవు ఎందుకు రొప్పుతోంది?

ఎండలు ముదరగానే హైదరాబాద్ చుట్టుపక్కల డెయిరీల్లో పాత వాదన మళ్లీ మొదలైంది. రొప్పుతున్న హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీసియన్ అనే విదేశీ పాడి జాతి) సంకర ఆవులను చూపించి ‘ఈ జాతి మన వేడికి ఆగదు’ అని కొందరంటున్నారు. ‘రక్తంలో ఆక్సిజన్ బాగానే ఉంటుంది, లోపమంతా షెడ్డుది’ అని ఇంకొందరు. ఆక్సిజన్ మాట చాలావరకు నిజమే. చూడాల్సింది మాత్రం కార్బన్ డయాక్సైడ్‌ను.

ఆవు రొప్పేది ఒంట్లో వేడిని ఊపిరితో వదిలించుకోవడానికి. ఆ వేగంలో కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతుంది. ధమని రక్తంలో మామూలుగా 40 మిల్లీమీటర్ల పాదరసం దరిదాపుల్లో ఉండే దాని పీడనం పడిపోయి, రక్తం క్షారం వైపు జరుగుతుంది. దాన్ని సర్దడానికి మూత్రపిండాలు బైకార్బొనేట్‌ను వదిలేస్తాయి. చొంగతో ఇంకొంత నేలపాలవుతుంది. కడుపులో పులుపును అణచాల్సింది ఆ బైకార్బొనేటే. అందుకే తర్వాత అరుగుదల దెబ్బతింటుంది, పాలలో వెన్న తగ్గుతుంది. ఒంగోలు, పొడ తూర్పు లాంటి మూపురం జాతుల ఒంట్లో పుట్టే వేడి తక్కువ, చెమట ద్వారా పోయేది ఎక్కువ. అదే ఎండలో అవి ఆలస్యంగా రొప్పుతాయి, రక్తంలో మార్పూ అంతగా ఉండదు.

నా దృష్టిలో అసలు మలుపు 1964-65. ఆ ఏడాది మొదలైన ఇంటెన్సివ్ క్యాటిల్ డెవలప్‌మెంట్ ప్రాజెక్టుతో పాడి ప్రాంతాల్లో విదేశీ జాతులతో సంకరం ఊపందుకుంది. పాలు పెరగాలనుకోవడం తప్పు కాదు. కానీ జాతి మంచిచెడ్డలను లీటర్లతోనే కొలవడం అక్కడే అలవాటైంది. ఒక్క గుణం కోసం ఎంపిక చేస్తూపోతే రక్తం దాకా తేడా వస్తుందని 1980ల్లో బెల్జియం పరిశోధకులు చూపించారు. కండ కోసం పెంచిన బెల్జియన్ బ్లూ పశువుల్లో గుండె, ఊపిరితిత్తులు ఒంటికి తగ్గట్టు పెరగలేదు. వాటి ధమని రక్తంలో ఆక్సిజన్ ఫ్రీసియన్లకన్నా తక్కువగా కనిపించింది.

సంకర ఆవు రెట్టింపు పాలిస్తుందని, ఫ్యాన్లు, ఫాగర్లు పెడితే తట్టుకుంటుందని డెయిరీవాళ్లంటారు. అదీ నిజమే. కాకపోతే రెండు ఆవులున్న రైతు ఆ కరెంటు బిల్లు ఎక్కణ్నుంచి కడతాడు?

2014లో దేశవాళీ జాతుల కోసం రాష్ట్రీయ గోకుల్ మిషన్ వచ్చింది. అయినా 2019 పశుగణనలో విదేశీ, సంకర ఆవులు అంతకుముందు గణనకన్నా 26.9 శాతం పెరిగాయి, దేశవాళీవి 6 శాతం తగ్గాయి. ఒక్కో సంకర ఆవులో విదేశీ రక్తం వాటా సగానికి కాస్త అటూఇటూగా ఆగాలన్నది నిపుణుల పాత సలహా. ఈనిన లెక్కలు రాసిపెట్టుకోని చోట సంకర ఆవుకే మళ్లీ మళ్లీ హెచ్‌ఎఫ్ వీర్యం సూది వేయిస్తున్నారు. వాటా ముప్పావు దాటిన ఆ ఆవులే మధ్యాహ్నం అన్నిటికన్నా ముందు రొప్పుతాయి.