60 కిలోవాట్ అని రాసి ఉంటే 28 మాత్రమే ఎక్కుతోందేంటి? ఫాస్ట్ చార్జింగ్ అపోహలు – వాస్తవాలు

పబ్లిక్ స్టేషన్ దగ్గర కారు చార్జ్ ఎక్కకపోతే ఓనరు కారు కంపెనీని తిడతాడు, కారు కంపెనీ స్టేషన్ వాళ్ల మీదికి తోస్తుంది, స్టేషన్ వాళ్లు కరెంటు ఆఫీసు పేరు చెబుతారు. మెషీన్లు బిగించి, రిపేర్లు చూసే పనిలో ఉన్నవాళ్లుగా మేం చెప్పేది ఒకటే. ఫాస్ట్ చార్జింగ్ అంటే కారు, గన్ (కారుకి తగిలించే ప్లగ్), మెషీన్, సర్వర్, కరెంటు లైను అనే ఐదూ కలిసి పనిచేయాలి. పని ఎక్కడ ఆగిందో గుర్తుపట్టగలిగితే చాలాసార్లు అక్కడికక్కడే బయటపడొచ్చు, లేదా టైము వృథా కాకుండా పక్క స్టేషన్‌కి వెళ్లిపోవచ్చు.

అపోహ: మెషీన్ మీద 60 కిలోవాట్ అని ఉంటే 60 రావాల్సిందే. రాకపోతే మోసమే.

60 అనేది మెషీన్ ఇవ్వగలిగిన గరిష్ఠం. ఎంత కావాలో చెప్పేది కారు. కారులోని బీఎంఎస్ (బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే కంప్యూటర్) బ్యాటరీ వేడి, చార్జ్ శాతం చూసుకుని ‘ఇన్ని ఆంపియర్లు పంపు’ అని అడుగుతూనే ఉంటుంది, మెషీన్ అంతకు మించి పంపదు. 2020లో వచ్చిన 30.2 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) బ్యాటరీ ఉన్న టాటా నెక్సాన్ ఈవీని 120 కిలోవాట్ మెషీన్‌కి తగిలించినా దాని వేగం 30 కిలోవాట్ చుట్టుపక్కలే ఉంటుంది. 55 యూనిట్ల టాటా కర్వ్ 70 వరకు తీసుకోగలదు. 79 యూనిట్ల మహీంద్రా బీఈ 6 అయితే 175 దాకా వెళ్తుంది. ఆ కారు 60 కిలోవాట్ మెషీన్ దగ్గర ఆగితే మాత్రం తక్కువైంది మెషీనే.

రెండో కారణం పంపకం. 60 కిలోవాట్ మెషీన్లలో చాలావాటి లోపల ఉండేది రెండు 30 కిలోవాట్ మాడ్యూళ్లు (లైను కరెంటుని బ్యాటరీకి పనికొచ్చేలా మార్చే పెట్టెలు). రెండో గన్‌కి ఇంకో కారు తగిలితే చెరో 30. పక్క కారు వెళ్లిపోయాక కొన్ని మెషీన్లు ఆ 30ని మీ గన్‌కి కలుపుతాయి, కొన్ని కలపవు. కలపకపోతే సెషన్ ఆపి మళ్లీ మొదలుపెట్టండి, రెండు మాడ్యూళ్లూ మీవైపు వస్తాయి.

మూడోది ఆంపియర్ల హద్దు. పాత 50 కిలోవాట్ మెషీన్లు ఎక్కువగా 125 ఆంపియర్లకే ఆగుతాయి. మీ బ్యాటరీ 330 వోల్టుల దగ్గరుంటే 330ని 125తో గుణించండి, 41 కిలోవాట్. 400 వోల్టుల కారుకి అదే మెషీన్ 50 ఇస్తుంది. మెషీన్ రెండు కార్లకీ ఒకేలా పనిచేస్తోంది, తేడా కారు వోల్టేజీలోనే ఉంది.

తప్పు ఎవరిదో తేల్చడానికి స్క్రీన్ చూడండి. కొన్ని మెషీన్లు కారు అడిగిన ఆంపియర్లు, మెషీన్ ఇస్తున్న ఆంపియర్లు పక్కపక్కనే చూపిస్తాయి. అడిగింది 85, ఇస్తున్నది 85 అయితే 330 వోల్టుల దగ్గర అది 28 కిలోవాట్. ఆ 28 కారు అడిగిన లెక్కే, మెషీన్‌ని అనడానికి లేదు. అడిగింది 150, ఇస్తున్నది 100 దగ్గర కదలకుండా ఉండి, రెండో గన్ ఖాళీగా ఉంటే మాత్రం లోపల ఒక మాడ్యూల్ పడిపోయి ఉండొచ్చు. ఎండాకాలంలో ఇది ఎక్కువ. హైవే దుమ్ముకి ఫిల్టర్లు మూసుకుపోతాయి, గాలి ఆడక మాడ్యూల్ వేడెక్కి తనంతట తానే పవర్ తగ్గించుకుంటుంది, ఇంకా వేడెక్కితే ఆగిపోతుంది. వేళకి ఫిల్టర్ దులిపితే ఈ బాధ చాలావరకు ఉండదు. ఆ చిన్న పని చేయించని స్టేషన్లు ఇన్ని ఉండటం మాకు నిజంగా బాధగా ఉంటుంది.

అపోహ: యాప్‌లో పచ్చగా ‘అవైలబుల్’ అని ఉంటే మెషీన్ బాగున్నట్టే.

ఈ రంగంలో జనాన్ని ఎక్కువగా ఏడిపించేది ఇదే. మెషీన్‌లో ఒక సిమ్ కార్డు ఉంటుంది. దాని ద్వారా ఓసీపీపీ అనే పద్ధతిలో సర్వర్‌తో మాట్లాడుతుంది. ‘అవైలబుల్’ అంటే మెషీన్ సర్వర్‌కి తన గురించి తాను చివరిసారి చెప్పుకున్న మాట, అంతే. గన్ పిన్ను కాలిపోయినా, మాడ్యూళ్లలో ఒకటి చచ్చినా, కంట్రోలర్ ఆ సంగతి పసిగట్టనంత వరకు పచ్చగానే చూపిస్తుంది. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. సిగ్నల్ లేక యాప్‌లో ఆఫ్‌లైన్ అని ఉన్న మెషీన్ ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డు (స్టేషన్ కంపెనీ ఇచ్చే, మెషీన్‌కి ఆనించే కార్డు) చూపిస్తే చక్కగా పనిచేయొచ్చు. తరచూ వెళ్లే రూట్‌లో ఏ చార్జింగ్ కంపెనీ స్టేషన్లు ఎక్కువో చూసి వాళ్ల కార్డు ఒకటి దగ్గర పెట్టుకోండి.

రంగు కన్నా నమ్మదగింది చివరి విజయవంతమైన సెషన్ ఎప్పుడు జరిగిందన్నది. ప్లగ్‌షేర్ లాంటి యాప్‌లలో జనం రాసిన చెక్‌ఇన్లు చూడండి. నిన్నో మొన్నో ఎవరైనా చార్జ్ చేసుకుని ఉంటే ధైర్యంగా వెళ్లొచ్చు. నెలల తరబడి ఎవరూ ఏమీ రాయని స్టేషన్ మీద ప్రయాణం ఆనించొద్దు. ఆ చివరి సెషన్ టైము ప్రతి ఆపరేటర్ సర్వర్‌లోనూ ఉంటుంది. దాన్ని యాప్‌లోనే చూపించాలని ఆపరేటర్లను గట్టిగా అడగాలి.

హైదరాబాద్–విజయవాడ రోడ్డునే తీసుకోండి. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ, నందిగామ వరసలో మీరు ఆగాలనుకున్న చోటు సూర్యాపేట అయితే, అక్కడికి చేరేసరికి ఆ మెషీన్ పనిచేయకపోయినా కోదాడ దాకా వెళ్లే చార్జ్ మిగిలి ఉండాలి. 8 శాతంతో స్టేషన్‌కి చేరేలా ప్లాన్ వేయడం యాప్ లెక్కల్లో బాగుంటుంది, రోడ్డు మీద బాగుండదు. 25 శాతం ఉండగానే ఆగండి. సంక్రాంతి ముందు రోజుల్లో పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరినప్పుడు ఇంకాస్త ఎక్కువే ఉంచుకోండి. మెషీన్ బాగున్నా మీ వంతు రావడానికి గంటలు పట్టొచ్చు.

అపోహ: ‘కమ్యూనికేషన్ ఎర్రర్’ వచ్చిందంటే కారు చెడిపోయింది.

చాలాసార్లు గన్ సరిగ్గా కూర్చోకపోవడమే కారణం. సీసీఎస్2 గన్ (మన దగ్గర కార్ల ఫాస్ట్ చార్జింగ్‌కి ఎక్కువగా వాడే రకం) తగిలించాక కరెంటు పారేలోపు జరిగేది వరసగా ఇది. సన్నపాటి కంట్రోల్ పైలట్ పిన్ను మీద 12 వోల్టులు 9కి పడితే గన్ తగిలిందని మెషీన్‌కి తెలుస్తుంది. తర్వాత అదే తీగ మీద కారు, మెషీన్ మాటలు కలుపుతాయి. బ్యాటరీ గరిష్ఠ వోల్టేజీ ఎంత, ఎన్ని ఆంపియర్లు కావాలి అన్నవి తేలతాయి. గన్ లాక్ పడుతుంది. మెషీన్ కేబుల్‌లోకి ఎక్కువ వోల్టేజీ పంపి ఎక్కడైనా లీకేజీ ఉందా అని పరీక్షిస్తుంది. ఆ తర్వాత తన వోల్టేజీని బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా తెస్తుంది. అప్పుడు కారులోని కాంటాక్టర్లు (బ్యాటరీని లైనుకి కలిపే పెద్ద స్విచ్‌లు) ‘టక్’ మని మూసుకుంటాయి. ఆ చప్పుడు బయటికి కూడా వినిపిస్తుంది. అది వినపడ్డాక ఆగిందా, వినపడకముందే ఆగిందా అన్నది గుర్తుపెట్టుకోండి, హెల్ప్‌లైన్‌కి పనికొచ్చే సమాచారం.

ఫాస్ట్ చార్జింగ్ కేబుల్ బరువు ఎక్కువ. గన్ వదిలేస్తే ఆ బరువుకి ముక్కు కిందికి వాలుతుంది, పైలట్ పిన్ను సరిగ్గా తగలదు, లాక్ పిన్ను రంధ్రంలోకి దిగదు. అందుకని గన్‌ని నిటారుగా లోపలికి నొక్కి, కింద చేత్తో కాస్త ఎత్తి పట్టుకోండి. లాక్ పడిన చప్పుడు వినిపించి, ఆంపియర్లు పెరగడం మొదలయ్యేదాకా, అంటే అర నిమిషం పాటు, అలాగే ఉంచండి.

అయినా ఎర్రర్ వస్తే వెంటవెంటనే గన్ పీకి పెట్టొద్దు. గన్ తీసి హోల్డర్‌లో పెట్టండి. కారు ఆపి, లాక్ చేసి, రెండు మూడు నిమిషాలు వదిలేయండి. కారు కంట్రోలర్లు నిద్రలోకి వెళ్లి మళ్లీ లేస్తాయి. తర్వాత ముందు గన్, ఆ పైన యాప్‌లో స్టార్ట్. స్టార్ట్ నొక్కి తాపీగా గన్ పెడితే, గన్ తగిలించడానికి మెషీన్ ఇచ్చే గడువు దాటిపోయి సెషన్ రద్దవుతుంది. రెండో గన్ ఖాళీగా ఉంటే దాంతో ప్రయత్నించండి. రెండు వేర్వేరు స్టేషన్లలో ఒకే ఎర్రర్ వస్తే అప్పుడు కారుని అనుమానించాలి. అందులోనూ ముందు చూడాల్సింది 12 వోల్టుల చిన్న బ్యాటరీని. కాంటాక్టర్లు మూసుకునేది దాని బలంతోనే.

స్క్రీన్ మీద ‘ఎమర్జెన్సీ’ అని ఉంటే ఎర్ర బటన్ ఎవరో నొక్కేశారన్న మాట. పొగ, కాలిన వాసన, తెగిన కేబుల్ లాంటివి లేవని చూసుకుని, అక్కడి సిబ్బందికి చెప్పి, బటన్‌ని బాణం గుర్తు వైపు తిప్పితే పైకి లేస్తుంది. మెషీన్ తిరిగి సిద్ధం కావడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది.

అపోహ: బంకులో లైట్లు వెలుగుతున్నాయి, కరెంటు ఉంది, మరి చార్జర్‌కేం రోగం?

లైటుకి ఒక ఫేజ్ చాలు, చార్జర్‌కి మూడూ కావాలి. ఒక్క ఫేజ్ పోయినా, వోల్టేజీ మరీ పడిపోయినా మెషీన్ తనని తాను ఆపేసుకుంటుంది. 60 కిలోవాట్ ఇవ్వాలంటే లోపలి నష్టాలతో కలిపి లైను నుంచి దాదాపు 65 కేవీఏ లాగాలి, 415 వోల్టుల దగ్గర ఫేజ్‌కి 90 ఆంపియర్లు. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ దానికి చాలదు, 100 కేవీఏ కావాలి. అది కూడా వేరే లోడ్లేవీ లేకుండా. దాబాల దగ్గర ఇంకో చిక్కుంది. జనరేటర్ మీద హోటల్ నడుస్తుంది కానీ చార్జర్‌ని దానికి కలపరు. తిండి దొరుకుతుంది, చార్జింగ్ దొరకదు. రాత్రిపూట మెషీన్ స్క్రీన్ పూర్తిగా నల్లగా ఉంటే బంకు సిబ్బందిని బ్రేకర్ ఆపారేమో అడగండి. ఫేజ్ పోయిందని తేలితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫిర్యాదు నంబరు 1912.

అపోహ: 100 శాతం నింపుకుంటేనే హైవేలో నిశ్చింత.

80 దాటాక సెల్ వోల్టేజీ హద్దుకి దగ్గరపడుతుంది, బీఎంఎస్ ఆంపియర్లు తగ్గించేస్తుంది. 40.5 యూనిట్ల నెక్సాన్‌కి 50 కిలోవాట్ మెషీన్ మీద 10 నుంచి 80 శాతానికి గంట లోపు పడితే, మిగిలిన 20కి ముప్పావు గంట పైనే పట్టొచ్చు. ఆ ముప్పావు గంటలో వెనకవాళ్ల కారు సగానికి పైగా ఎక్కేది. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీలకి అప్పుడప్పుడు 100 నింపమని కంపెనీలు చెప్పేది సెల్స్ సమానం కావడానికి, శాతం లెక్క సరిపడటానికి. ఆ పని ఇంట్లో స్లో చార్జర్ మీద చేసుకోండి. హైవే దిగి చార్జర్ లేని ఊరికి వెళ్లేవాళ్లు మాత్రం 90 దాటించుకోవడంలో తప్పులేదు.

అపోహ: వానలో గన్ పట్టుకుంటే షాక్ కొడుతుంది.

కొట్టదు. కారుతో మాటలు కలిసి గన్ లాక్ పడేవరకు పెద్ద పిన్నుల్లో కరెంటే ఉండదు. తడి లోపలికి పోయి ఉంటే ఆ తర్వాతి లీకేజీ పరీక్షలో ఫెయిలై ‘ఇన్సులేషన్ ఫాల్ట్’ చూపి ఆగుతుంది. కానీ గన్ నీటిగుంటలో పడి ఉన్నా, ప్లాస్టిక్ పగిలినా, పిన్నులు నల్లబడినా దాన్ని కారుకి తగిలించొద్దు. నల్లబడిన పిన్ను అంటే కాంటాక్టు వదులై అక్కడ వేడెక్కిందని గుర్తు. ఇంకో కారుకి పెడితే ఆ కారు సాకెట్ కూడా పాడవుతుంది.

అపోహ: బ్యాటరీలోకి ఎక్కింది 24 యూనిట్లు, బిల్లు 26కి. మీటరు దొంగ మీటరు.

మీటరు కొలిచేది గన్ దగ్గర. కారులో ఏసీ వేసుకుని కూర్చుంటే గంటకి ఒకటి రెండు యూనిట్లు అక్కడే పోతాయి. బ్యాటరీని చల్లబరిచే పంపు, చార్జ్ ఎక్కేటప్పుడు పోయే వేడి కలిస్తే ఆ తేడా మామూలే. అంతకు బాగా మించితే ఫిర్యాదు చేయాల్సిందే. యూనిట్ 21 రూపాయలైతే 26 యూనిట్లకి 546, దాని మీద 18 శాతం జీఎస్టీ 98.28, మొత్తం 644.28. యాప్‌లో కనిపించే ధర పన్నుతో కలిపా, పన్ను కాకుండానా అన్నది ముందే చూడండి. కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబరు మార్గదర్శకాల్లో పగలు 9 నుంచి 4 వరకు స్టేషన్లకి కరెంటు చవగ్గా ఇవ్వాలని ఉంది. ఆ తగ్గింపు ఉన్నచోట, ఆపరేటర్ మనదాకా పంపినచోట మధ్యాహ్నం చార్జింగ్ లాభం.

అపోహ: గన్ ఇరుక్కుంటే బలంగా లాగాలి.

పట్టుకున్నది కారు వైపు లాక్ పిన్ను. లాగితే విరుగుతుంది. సెషన్ ఆపండి, ఆంపియర్లు సున్నా అయ్యేదాకా ఆగండి, రిమోట్‌లో అన్‌లాక్ రెండుసార్లు నొక్కండి, గన్‌ని ఒకసారి లోపలికి నొక్కి అప్పుడు తీయండి. రాకపోతే చాలా కార్లలో బానెట్ కిందో, డిక్కీ పక్కనో చేత్తో లాగే తాడు ఉంటుంది. అదెక్కడుందో మీ కారు మాన్యువల్‌లో ఇంట్లో ఉన్నప్పుడే చూసిపెట్టుకోండి.

అపోహ: హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయడం దండగ.

‘పనిచేయట్లేదు’ అంటే వాళ్లు చేయగలిగింది తక్కువ. మెషీన్ మీది చార్జర్ ఐడీ, గన్ 1 లేదా 2, స్క్రీన్ మీది ఎర్రర్ కోడ్, కాంటాక్టర్ చప్పుడు వచ్చిందా లేదా, ఈ నాలుగూ చెప్పండి. తర్వాత ఏం కావాలో పేరు పెట్టి అడగండి. మెషీన్ బిగుసుకుపోతే రీసెట్ పంపమనండి, సాఫ్ట్ రీసెట్‌కి కదలకపోతే హార్డ్ రీసెట్. చార్జింగ్ ఆగిపోయినా యాప్‌లో సెషన్ ఇంకా నడుస్తున్నట్టు ఉండి, వాలెట్ డబ్బు ఇరుక్కుంటే, మెషీన్ పంపాల్సిన ‘స్టాప్’ కబురు సిగ్నల్ లేక దాని దగ్గరే ఉండిపోయిందన్న మాట. సర్వర్ వైపు నుంచి సెషన్ మూయమనండి. అది మూస్తేనే అదే యాప్‌తో పక్క స్టేషన్‌లో కొత్త సెషన్ మొదలవుతుంది. బయల్దేరే ముందు స్క్రీన్ ఫొటో, మీటరు రీడింగ్ ఫొటో తీసుకుని, ఫిర్యాదు నంబరు మెసేజ్‌లో పంపమని అడగండి. రీఫండ్ ఆగితే చూపించాల్సింది ఆ మూడే.