గోరు నేసే మగ్గం

జంపఖానాలకు పేరుబడ్డ వరంగల్ కొత్తవాడలో మా పక్కింటి తాతకు డెబ్బై ఆరేండ్లు. మొన్న బొటనవేలు నా ముందర పెట్టి, "గోరు మొత్తం నిలువు గీతలే వడ్డయి. కాల్షియం గోళీలు ఏసుకోవాల్నా బిడ్డా?" అన్నాడు. గోరులో కాల్షియం బహు తక్కువ. గట్టిదనమంతా కెరటిన్ అనే ప్రొటీన్‌ది. గీతల కోసమైతే గోళీలు దండుగ. తాత నలభై ఏండ్లు దుప్పట్లు నేసిన మనిషి కనుక మగ్గం భాషలోనే చెప్పాను.

గోరు మొదట్లో, చర్మం కింద దాక్కున్న మాట్రిక్స్ మన మగ్గం. కణాలు అక్కడ పుట్టి, కెరటిన్ నింపుకుని, చదునై, చచ్చి ముందుకు జరిగితే అదే గోరు. పడుగులో ఒక పోగు వదులైతే ఆ లోపం గుడ్డ పొడుగునా వస్తుంది కదా? వయసు మీద పడితే మాట్రిక్స్ అన్నిచోట్లా ఒక్కతీరుగా పనిచేయదు. వెనకబడ్డ చోటు నుంచి వచ్చేదంతా గీతే. జబ్బు కాదు.

పేక, అంటే అడ్డపోగు లోపం వేరు. పెద్ద జ్వరమో ఆపరేషనో వస్తే నేత కొన్నాళ్లు ఆగుతుంది, అన్ని గోళ్లకూ అడ్డంగా పల్లం పడుతుంది. ఫ్రాన్స్ డాక్టర్ బో 1846లోనే దీన్ని వర్ణించాడు. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పల్లం మొదలుకు 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, జ్వరం రెండు నెలల కిందటిది.

అమెరికా డాక్టర్ విలియం బీన్ అంటే నాకు భలే ఇష్టం. నెలనెలా తన ఎడమ బొటనవేలి గోరు మొదట్లో గాటు పెట్టి, 35 ఏండ్లు కొలిచాడు! 32వ ఏట రోజుకు 0.123 మిల్లీమీటర్లు, 67వ ఏట 0.095.

రంగు పోగు సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మాట్రిక్స్‌లోని రంగు కణాలు మేల్కొంటే గోరు పొడుగునా నల్ల చార వస్తుంది. మన చామనఛాయ వాళ్లకు నాలుగైదు వేళ్లకు ఉంటే తరచుగా మామూలే. పెద్దతనంలో ఒక్క వేలికే కొత్తగా వచ్చి, వెడల్పవుతూ, పక్క చర్మానికీ నలుపు పాకితే మెలనోమా అనే క్యాన్సర్ కావచ్చు. వెంటనే చూపించాలి.

కాలిగోళ్లు మందమై పచ్చబడితే అంతా ఫంగస్ అనుకుంటారు. పాత దెబ్బకూ, సోరియాసిస్‌కూ అట్లాగే అవుతాయి. ముందు గోరుముక్క పరీక్ష, తర్వాతే మందు. బొటనవేలి కాలిగోరు పూర్తిగా కొత్తది రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది.

తెల్లచుక్క పడితే కొత్తబట్టలు వస్తాయని మా అమ్మ అనేది. మాట్రిక్స్‌కు చిన్న దెబ్బ తగిలిన గుర్తు, అంతే. రాత్రిపూట గోళ్లు తీయొద్దన్న మాట మాత్రం, కంట్లో శుక్లాలున్న వాళ్లకు నేనూ చెప్తాను.

తాత వేలు తిప్పి అడ్డపల్లం వెతికి, స్కేలు పెట్టించాడు. "ఆరు. అంటే బతుకమ్మ అయినంక వచ్చిన జరం." కాసేపు ఆలోచించి, "నా మగ్గం మెల్లగ నడుస్తది గద, ఇంకో వారం ఎనుకకు జరుపు" అన్నాడు.