వాతావరణ మార్పు, మన మున్సిపాలిటీ: మీటింగుల్లో నేను వినే అపోహలు

మున్సిపాలిటీలు, పంచాయతీలు మారుతున్న వానకీ ఎండకీ సిద్ధపడేలా ప్లాన్లు తయారుచేయడం నా వృత్తి. ఏ ఊరికెళ్లినా అవే మాటలు వినపడతాయి. చెప్పేవాళ్లు నమ్మే చెబుతారు. కానీ ఆ నమ్మకాల వల్ల చేతిలో ఉన్న పనులు ఆగిపోతున్నాయి, ప్రాణాలు పోతున్నాయి.

అపోహ: ఇది ప్రభుత్వాల స్థాయి విషయం, మున్సిపాలిటీ ఏం చేయగలదు?

కర్బన ఉద్గారాలు తగ్గించడం గురించైతే ఆ మాటలో కొంత నిజముంది. పడబోయే వానకు, కాయబోయే ఎండకు సిద్ధపడటం మాత్రం ఎక్కువగా ఊళ్లోనే జరగాల్సిన పని. సైడు కాల్వ ఎంత వెడల్పు ఉండాలి, చెరువు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దులో) ఇంటికి పర్మిషన్ ఇవ్వాలా వద్దా, మంచినీళ్ల ట్యాంకర్ ముందు ఏ వీధికి వెళ్లాలి, పారిశుద్ధ్య కార్మికులు మే నెలలో ఎన్నింటికి పని ఆపాలి, ఇవన్నీ కమిషనర్, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్), కౌన్సిల్ కూర్చుని తేల్చుకునేవే.

అపోహ: ప్రత్యేక నిధులు వస్తే అప్పుడు చూద్దాం.

నిధులు అడగొద్దని నేననను, గట్టిగా అడగాలి. విపత్తులకు రాష్ట్రాలకిచ్చే డబ్బులో 20 శాతం ముందు జాగ్రత్త పనులకే కేటాయించాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది, ఆ వాటా సంగతి ఎన్ని మున్సిపాలిటీలు కనుక్కుంటున్నాయి? కానీ అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. మనం ఏటా కాల్వలు కడుతూనే ఉన్నాం. పాత ఎస్టిమేట్ తీసి, రేట్లు మార్చి, అవే కొలతలతో టెండర్ పిలుస్తున్నాం. మన నగరాల్లో వాననీటి కాల్వలు చాలావరకు గంటకు 12 నుంచి 20 మిల్లీమీటర్ల వానకు కట్టినవేనని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లోనే తన మార్గదర్శకాల్లో రాసింది. గంటలో 60 మిల్లీమీటర్లు పడితే, 20కి కట్టిన కాల్వలో పట్టేది మూడో వంతు, మిగతాదంతా రోడ్డు మీదికి, అక్కణ్నుంచి పల్లంలో ఉన్న ఇళ్లలోకి. హైదరాబాద్‌లో 2000 ఆగస్టులో ఒక్కరోజే 24 సెంటీమీటర్లు పడింది, 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ దగ్గర 32. అయినా ఎస్టిమేట్‌లో వాన లెక్క ఎక్కడిదని అడిగితే చాలా ఆఫీసుల్లో జవాబుండదు. కాల్వ ఎలాగూ కడతారు కదా, ఆ లెక్కొకటి సరిచేసి కట్టండి.

అపోహ: పూడిక తీస్తే ముంపు ఉండదు.

పూడిక తీయాల్సిందే, కానీ నీళ్లు మన ఊరి హద్దులు చూసుకుని రావు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ సింగ్‌నగర్ ఎందుకు మునిగింది? బుడమేరు వాగు మైలవరం కొండల వైపు పుట్టి కొల్లేరులో కలుస్తుంది. ఆ వరదను కృష్ణలోకి మళ్లించడానికి కాలువ ఉంది, దాని కట్టకు నగరం బయట గండ్లు పడ్డాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే కృష్ణకు ప్రకాశం బ్యారేజీ దగ్గర రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. నది నిండుగా ఉంటే మళ్లించిన నీళ్లు మాత్రం ఎక్కడికి పోతాయి? కార్పొరేషన్ తన హద్దు లోపల ప్రతి డ్రెయినూ అద్దంలా శుభ్రం చేసినా ఆ నీళ్లు ఆగేవి కావు. అందుకే ఊరి ప్లాన్ వేసేముందు పై చెరువు ఎవరిది, దాని అలుగు ఎటు పారుతుంది, గేటు ఎత్తేముందు మనకు ఫోన్ చేసేదెవరు అని రాసుకోమంటాను. ఇరిగేషన్ శాఖనీ, పక్క పంచాయతీల సర్పంచులనీ పిలవకుండా వరద ప్లాన్ వేయడం దండగ.

అపోహ: ఎండలు ఎప్పుడూ ఉన్నవే, చలివేంద్రాలు పెడితే చాలు.

ఈ మాట వింటే నాకు బాధగా ఉంటుంది. 2015 మేలో మన రెండు రాష్ట్రాల్లో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2010 మేలో అహ్మదాబాద్‌లో మామూలుకంటే 1,344 మరణాలు ఎక్కువ నమోదయ్యాయి. అక్కడి కార్పొరేషన్ 2013లో వేడి ప్రణాళిక తెచ్చింది. ఏ ఉష్ణోగ్రతకు ఏ హెచ్చరిక, అది వెలువడగానే ఎవరు ఎవరికి చెప్పాలి, ఆసుపత్రులు ఏం సిద్ధం చేసుకోవాలి అన్నది ముందే రాసిపెట్టుకున్నారు. దానివల్ల ఏటా సగటున 1,190 మరణాలు తప్పి ఉంటాయని 2018లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. భారీ కట్టడాలేవీ లేవు, ఎక్కువగా ఫోన్లు, శిక్షణ, సమన్వయం.

ఇంకో విషయం, ఎండ దెబ్బ రోడ్డు మీదే కాదు, ఇంట్లోనూ తగులుతుంది. రేకుల గదిలో రాత్రిపూట కూడా వేడి దిగదు, మంచంలో ఉన్న ముసలమ్మ చలివేంద్రం దాకా రాలేదు. ఆశా కార్యకర్త దగ్గర అలాంటి ఇళ్ల జాబితా ఉండాలి, పైకప్పుకు తెల్లటి పూత అక్కణ్నుంచి మొదలవ్వాలి. తెలంగాణ 2023లోనే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. అంగన్‌వాడీలతో, రేకుల ఇళ్ల బస్తీలతో మొదలుపెట్టడానికి వార్డు స్థాయిలో అడ్డేముంది?

అపోహ: మొక్కలు నాటాం, మా వంతు అయిపోయింది.

ఎక్కడ నాటారు? డివైడర్ మీద పూలమొక్క నీడనివ్వదు. కూలీల అడ్డా, బస్టాప్, కూరగాయల బండ్లు ఆగే చోటు, అక్కడ కావాలి వేప, కానుగ.

అపోహ: పెద్ద కన్సల్టెంట్, శాటిలైట్ డేటా లేనిదే ప్లాన్ రాదు.

డేటా ఉంటే మంచిదే. ఒక చిన్న పట్టణంలో వార్డు మ్యాప్ నేలమీద పరిచి, మునిగే చోట్లు చూపమని పారిశుద్ధ్య కార్మికులను అడిగాం. ఒకామె మ్యాప్‌లో లేని తూము చూపించింది. "గీ తూములకెంచి మంచినీళ్ల పైపు పోతది సార్, దానికి కవర్లు పట్టుకుంటయ్, వానొస్తే ముందు నిండేది మా సందే." వెళ్లి చూస్తే అక్షరాలా అంతే. ఆ పైపును పైకెత్తి వేయించడం మెయింటెనెన్స్ డబ్బులతోనే అయిపోయింది.

అపోహ: ఒకసారి ప్లాన్ ఆమోదిస్తే పదేళ్లదాకా చూడక్కర్లేదు.

ప్రతి వేసవి తర్వాత, ప్రతి వానాకాలం తర్వాత తిరగరాయాలి. ఫోన్ నంబర్లు మారతాయి, ఏఈలు బదిలీ అవుతారు, కొత్త వెంచర్ లేస్తుంది. ఈసారి ముంపు వస్తే వారంలోపే వార్డు తిరిగి, గోడల మీద నీటి మరక ఉండగానే ఎత్తు కొలిచి రిజిస్టర్‌లో ఎక్కించండి. పండక్కి సున్నం వేసేశారంటే ఆ లెక్క మళ్లీ దొరకదు.