ప్రశ్న అడిగితే ప్రాజెక్టు పక్కూరికి పోతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన మంగళవారం రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ మోగింది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి నుంచి డ్వాక్రా సంఘం లీడరు. "మేడమ్ గారండీ, రేపు పొద్దున్నే మీటింగంటండి. మంచినీళ్ళ ప్రాజెక్టు వాళ్ళు వస్తున్నారు. తీర్మానం మీద అందరూ సంతకాలు పెట్టెయ్యాలంట. ఏం రాశారో ఒకసారి చదివి వినిపించమని అడిగానండి. ఎక్కువ మాట్లాడితే ప్రాజెక్టు పక్కూరికి రాసేస్తారు, అప్పుడు ఊరంతా నిన్నే అంటుంది అని మావాళ్ళే నా మీద పడ్డారు. నిజంగా పోతుందాండి?"

ఆవిడ గొంతు వణుకుతోంది. ఆ టెన్షన్ ఊరికే వచ్చింది కాదు. ఆ ఊళ్ళో బోరు వేస్తే ఉప్పు నీళ్ళు పడతాయి. తాగడానికి క్యాన్లు కొనుక్కుంటారు. ఇంటి ముందుకి కుళాయి వస్తుందని ఆశపడ్డాక, తన నోటి మాట వల్ల అది చేజారితే ఆ నింద జీవితాంతం మొయ్యాలి.

అమలాపురంలో ఉంటూ ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచే ప్రాజెక్టులు, ఐక్యరాజ్య సమితి సంస్థలు సాయం చేసేవి, విదేశీ దాతల డబ్బుతో చిన్న స్వచ్ఛంద సంస్థలు నడిపేవి, అన్నిట్లోనూ ఊళ్ళో జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడించడమే నా ఉద్యోగం. కాగితాల్లో దాన్ని ప్రజా భాగస్వామ్యం అంటారు. దాని చుట్టూ అపోహలు చాలా ఉన్నాయి గానీ, ఊళ్ళని నిలువునా ముంచేది మాత్రం ఆవిడ ఫోన్లో అడిగిందే.

అపోహ: ఎక్కువ ప్రశ్నలు అడిగితే ప్రాజెక్టు పక్కూరికి పోతుంది.

వాస్తవం: ప్రశ్న అడిగినందుకు ప్రాజెక్టు పోగొట్టుకున్న ఊరిని ఇన్నేళ్ళలో నేను ఒక్కదాన్ని కూడా చూడలేదు. అడగనందుకు నష్టపోయిన ఊళ్ళు చాలా చూశాను.

ఎందుకు పోదో చెబుతాను. మీ ఊళ్ళో కుర్చీలు వేసి మీటింగు పెట్టేసరికే సగం పని అయిపోయి ఉంటుంది. డబ్బిచ్చే సంస్థకీ ప్రభుత్వానికీ ఒప్పందం అయిపోయింది. సర్వే అయింది, ఎస్టిమేటు వేశారు, మీ ఊరి పేరు జాబితాలోకి ఎక్కింది. ఇప్పుడు మీ పేరు కొట్టేసి పక్కూరి పేరు రాయాలంటే మళ్ళీ సర్వే, మళ్ళీ ఎస్టిమేటు, మళ్ళీ పైనుంచి ఆమోదం. మార్చి నెలాఖరులోపు ఖర్చు చూపించాల్సిన ఏ ఆఫీసూ ఆ పని కోరి నెత్తిన పెట్టుకోదు.

ఇంకో సంగతి. ప్రశ్నలు అడగనివ్వాలని డబ్బిచ్చేవాళ్ళే నిబంధన పెట్టుకున్నారు. ప్రపంచ బ్యాంకు పర్యావరణ, సామాజిక నిబంధనలు 2018 అక్టోబరు 1 నుంచి కొత్తవి అమల్లోకి వచ్చాయి. మొత్తం పది ప్రమాణాలు. పదోది పూర్తిగా దీని గురించే. ప్రాజెక్టు సంగతులు జనానికి అర్థమయ్యే భాషలో ముందుగా చెప్పాలి, వాళ్ళ అభిప్రాయాలు తీసుకోవాలి, వాటిని ఏం చేశారో రాసిపెట్టాలి, ఫిర్యాదు చేసుకునే దారి చూపించాలి. సమీక్షకి వచ్చిన బృందాలతో నేను చాలాసార్లు కూర్చున్నాను. మినిట్స్ పుస్తకం (మీటింగులో ఎవరేమన్నారో రాసేది) తిరగేసి వాళ్ళు అడిగే మాట ఒకటే: "ఎవరూ అభ్యంతరం చెప్పలేదా?" అంతా ఏకగ్రీవం అని రాసి ఉన్న ఊరి దగ్గరే వాళ్ళు ఎక్కువసేపు ఆగుతారు.

మరి ఈ పుకారు ఎక్కడ పుడుతుంది? ఒకచోట పుట్టడం నేను దగ్గరుండి చూశాను. తుఫాను షెల్టరు రావాల్సిన ఊరు. మీటింగులో ఒక పెద్దాయన లేచి, మీరు చూపించిన చోట వర్షాకాలంలో మోకాల్లోతు నీళ్ళు నిలుస్తాయి, తుఫాను రోజున ఆడాళ్ళూ పిల్లలూ అక్కడిదాకా ఎలా వెళ్తారు అని అడిగారు. 1996 నవంబరు 6 రాత్రి ఈ తీరం చూసిన మనిషి ఆయన. ఆ తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు. ఆయన అడగాల్సిందే అడిగారు. నాలుగు నెలల తర్వాత షెల్టరు నిజంగానే వేరే ఊరికి వెళ్ళింది. కారణం ఆయన ప్రశ్న కాదు. ఇస్తామన్న స్థలం మీద అన్నదమ్ముల తగాదా ఉంది, ఒకాయన కోర్టుకి వెళ్ళాడు. కాగితంలో ఆ కారణం స్పష్టంగా రాసి ఉంది, నేను చదివాను. కానీ కాగితం ఎవరు చూస్తారు? "ఆయన నోరు పారేసుకున్నాడు, షెల్టరు పోయింది" అని రేవు దగ్గరా, టీ కొట్టు దగ్గరా అనుకున్నారు. ఆ మాట పది ఊళ్ళు తిరిగింది. ఆ పెద్దాయన తర్వాత ఏ మీటింగుకీ రాలేదు.

కాబట్టి స్థలం క్లియర్‌గా లేకపోతే ప్రాజెక్టు పోవచ్చు, అది నిజం. దాని గురించి భయపడండి, ముందే సరిచూసుకోండి. ప్రశ్నకి మాత్రం భయపడకండి.

ఇక టార్గెట్ ఒత్తిడిలో ఉన్న కింది సిబ్బంది కొందరు "త్వరగా తేల్చండి, లేకపోతే పక్కూరికి రాసేస్తాం" అని వాళ్ళంతట వాళ్ళే బెదిరిస్తారు. ఆ మాట అనే అధికారం వాళ్ళకి లేదు. ఎవరైనా అలా అంటే, అదే మాట రాసి సంతకం పెట్టివ్వమనండి. రాసిచ్చినవాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నేను చేసిన తప్పు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక తీర గ్రామానికి మంచినీటి ఫిల్టరు పథకం వచ్చింది. విదేశీ దాతల డబ్బు. కాలువ నీళ్ళు చెరువులో నింపి, వడగట్టి ఊరికి ఇవ్వడం పథకం. "సంతకాలు పట్రా అమ్మా, మేటరు ఆఫీసులో రాసుకుందాం" అని పైవాళ్ళు చెప్పారు. నేను తీర్మానం పుస్తకం పట్టుకుని సాయంత్రం పూట ఇల్లిల్లూ తిరిగాను. పైన అర పేజీ ఖాళీ, కింద సంతకాలు, వేలిముద్రలు. రెండు రోజుల్లో పని పూర్తిచేశానని అందరూ మెచ్చుకున్నారు.

ఆఖరి రోజు బస్సు కోసం నడుస్తుంటే ఒక మామ్మ పక్కనే నడుస్తూ అడిగింది. "అమ్మాయ్, కాలువలు కట్టేశాక ఈ చెరువులోకి నీళ్ళెక్కణ్ణించి వస్తాయే?"

గోదావరి డెల్టాలో ఉన్నవాళ్ళకి వివరించక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ మన బతుకంతా కాలువల లెక్కే. దాళ్వా (రబీ పంట) చేతికొచ్చాక కాలువలు కట్టేస్తారు, అంటే నీళ్ళు ఆపేస్తారు, సార్వాకి (ఖరీఫ్‌కి) మళ్ళీ వదులుతారు. మధ్యలో ఎండాకాలం. చెరువులో ఉన్న నీళ్ళే గతి. సర్వే చేసినవాళ్ళు కాలువ నిండుగా పారుతున్నప్పుడు వచ్చి వెళ్ళారు. మామ్మకి తెలిసింది వాళ్ళకి తట్టలేదు.

"మరి మీటింగులో అడగలేదేం మామ్మా?" అన్నాను.

"అడిగితే పక్కూరికి ఇచ్చేస్తారంట కదే."

ఆ సంగతి ఇంజనీరు గారికి చెప్పాను. ఆయన పుస్తకం తిరగేసి, మినిట్స్‌లో ఎక్కడా లేదు కదమ్మా, ఇప్పుడు డిజైన్ ఎలా మారుస్తాం అన్నారు. మొదటి ఎండాకాలమే మూడు వారాలకి చెరువు అడుగు కనిపించింది. రెండో ఏడు మోటారు కాలిపోయింది. ఊరివాళ్ళు ఆఫీసుకి వెళ్తే తీర్మానం తీసి చూపించారు. కరెంటు బిల్లు, ఆపరేటరు జీతం, మరమ్మతులు అన్నీ గ్రామ కమిటీయే భరిస్తుందని అందులో ఉంది. కింద వాళ్ళ సంతకాలే. నేను తెచ్చినవే. ఫిల్టరు గదికి తాళం పడింది. జనం మళ్ళీ క్యాన్లు కొనుక్కున్నారు.

అందుకే చెబుతున్నాను. తీర్మానం మీద సంతకం హాజరు వెయ్యడం కాదు, ఒప్పుకోవడం. హాజరు పుస్తకం వేరు, తీర్మానం పుస్తకం వేరు. ఒకటే పుస్తకం పెడితే మీ పేరు పక్కన "హాజరు మాత్రమే" అని రాయండి. పైన ఖాళీ ఉంటే సంతకం వద్దు. పెట్టక తప్పకపోతే ఖాళీ మీద అడ్డగీత కొట్టించి పెట్టండి. చదవడం రాకపోతే మీ ఇంట్లో చదువుకున్న పిల్లని పక్కన కూర్చోబెట్టుకోండి, ఎవరూ కాదనడానికి లేదు. నోటితో అడిగింది గాలికి పోతుంది కాబట్టి, "నా ప్రశ్న పుస్తకంలో రాయండి" అనండి. పేజీని సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఇక అన్నిటికన్నా ముందు అడగాల్సింది: ప్రాజెక్టు వాళ్ళు వెళ్ళిపోయాక నెలనెలా ఖర్చు ఎవరిది, ఎంత? దానికి అంకెలో జవాబు రావాలి. "అందరం కలిసి చూసుకుందాం" అంటే జవాబు కాదు.

నకలు ఇవ్వకపోతే, ప్రభుత్వ శాఖ నడిపే ప్రాజెక్టయితే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రపంచ బ్యాంకు డబ్బుతో నడిచే ప్రాజెక్టులో నష్టం జరిగి కింద ఎవరూ పట్టించుకోకపోతే, అలాంటి ఫిర్యాదులు చూడ్డానికి బ్యాంకే 1993లో పెట్టిన తనిఖీ ప్యానెల్ ఉంది. నష్టపోయినవాళ్ళు ఇద్దరు కలిసి రాస్తే చాలు, తెలుగులోనే రాయొచ్చు. అయితే ముందు బ్యాంకు వాళ్ళకే చెప్పుకుని చూశామని చూపించాలి. అందుకే ప్రతి అర్జీకీ రసీదు దాచుకోండి.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

అపోహ: విదేశాల డబ్బంటే ఉచితం, ఎలా ఖర్చయితే మనకేంటి.

ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) ఇచ్చేది ఎక్కువగా అప్పు. తీర్చేది మన ప్రభుత్వాలే, అంటే మన పన్నులే. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల కోసం ప్రపంచ పర్యావరణ నిధి నుంచి ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ ద్వారా వచ్చింది మాత్రం గ్రాంటు. మీ ఊరికి వచ్చింది అప్పా గ్రాంటా అని మీటింగులోనే అడగండి.

అపోహ: మన స్వచ్ఛంద సంస్థ (ఎన్జీవో) దగ్గర కోట్లున్నాయి, మనకి పంచట్లేదు.

ఇది వింటే నాకు బాధేస్తుంది. 2020లో విదేశీ విరాళాల చట్టం సవరించాక, విదేశీ డబ్బు అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి బదిలీ చెయ్యకూడదు. అంతకు ముందు పెద్ద సంస్థలు తెచ్చి మన దగ్గరి చిన్న సంస్థలకి ఇచ్చేవి, భాగస్వామ్యం అంటే చాలావరకు అదే. ఆఫీసు ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. గోదావరి మధ్య లంకల్లో పడవెక్కి తిరిగి పనిచేసిన నా స్నేహితులు ఇద్దరు వేరే ఉద్యోగాలు చూసుకున్నారు. వాళ్ళ చేతిలో దాచుకున్న కోట్లేమీ లేవు.

అపోహ: ఇంజనీర్లు, సైంటిస్టులు చూసుకున్నాక మనకేం తెలుస్తుంది.

మామ్మ సంగతి చదివారు కదా. గోదావరి మడ అడవుల్లో ఎండిపోయిన చోట మళ్ళీ మడ పెంచడానికి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు, పోటు నీళ్ళు లోపలిదాకా వెళ్ళి పాటుకి వెనక్కి రావాలని. పోటు ఎటు ఎక్కుతుందో, ఎక్కడ నిలిచిపోతుందో రోజూ అందులో వేటకెళ్ళేవాళ్ళ కంటే బాగా ఎవరికి తెలుసు?

అపోహ: ఊరు ఒప్పుకుంది.

ఊరంటే ఎవరు? దీని మీద ఒక రోజంతా మాట్లాడగలను. మన రాష్ట్రంలో నీటి సంఘాలు 1997 చట్టంతో వచ్చాయి, అప్పట్లో ప్రపంచ బ్యాంకు మద్దతు కూడా దొరికింది. రైతులే కాలువలు చూసుకోవాలన్నది ఆలోచన, మంచిదే. ఆ చట్టంలో కౌలుదారుకి కూడా సభ్యత్వం ఉంది, కానీ రికార్డులో పేరుండాలి. మన డెల్టాలో కౌలు చాలావరకు నోటి మాటే. కాబట్టి చేను దున్నేవాడు, అర్ధరాత్రి కాలువ గట్టున నీళ్ళ కోసం కాపలా కాసేవాడు సంఘంలో లేడు. హైదరాబాదులో ఉన్న భూయజమాని ఉన్నాడు. ఆ లెక్కన "రైతులు ఒప్పుకున్నారు" అని రాస్తే అది ఎంత నిజం? పల్లిపాలెంలో (చేపలు పట్టేవాళ్ళ పేటలో) మగవాళ్ళు వేటకి వెళ్ళిన వేళ మీటింగు పెట్టినా అంతే. కమిటీలో ఆడవాళ్ళ పేర్లు రాసి, భర్తలతో సంతకాలు పెట్టించినా అంతే. ఇప్పుడు నేను ఏ ఊరు వెళ్ళినా మొదట అడిగేది, ఇవాళ రానివాళ్ళు ఎవరు అని.

మంగళవారం ఫోన్ చేసినావిడకి ఇవన్నీ చెప్పే టైము లేదు. రెండే చెప్పాను. కాలువలు కట్టేసిన రోజుల్లో చెరువులో ఎన్ని రోజులకి సరిపడా నీళ్ళుంటాయో అడగమన్నాను. నెలనెలా ఖర్చు అంకె చెప్పమని అడగమన్నాను. రెండూ పుస్తకంలో రాయించమన్నాను.

బుధవారం మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ చేసింది. "అడిగేశానండి. ముందు మావాళ్ళు నా వంక అదోలా చూశారు. తర్వాత ఇంకో నలుగురు కూడా లేచారండి." వచ్చిన అధికారి కోప్పడలేదట. చెరువు లెక్క మళ్ళీ చూసి సోమవారం వస్తామన్నారట. ప్రశ్నలు రెండూ పుస్తకంలో రాశారు, ఆ పేజీ ఫొటో నాకు పంపింది. తీర్మానం మీద ఇంకా ఎవరూ సంతకం పెట్టలేదు. సోమవారం నన్ను కూడా రమ్మంది. వెళ్తున్నాను.